ముందు తెరను దిద్దండి, తర్వాతే రంగును

"వీడియో డార్క్‌గా ఉందన్నా, కొంచెం లేపు."

వెబ్ కోసం వీడియోలు చేసే ఎడిటర్లలో ఈ మాట వినని వాళ్లుండరు. పెళ్లి వీడియో అయితే పెళ్లికొడుకు తమ్ముడు అంటాడు, షార్ట్‌ఫిల్మ్ అయితే దర్శకుడు అంటాడు, చీరల దుకాణం యాడ్ అయితే ఓనర్ అంటాడు. విన్న వెంటనే మనం చేసే పని కూడా ఒకటే. ప్రాజెక్టు తెరుస్తాం, గామా వీల్ కాస్త పైకి తిప్పుతాం, మళ్లీ ఎక్స్‌పోర్ట్ కొడతాం. సాయంత్రానికి ఇంకొకరు ఫోన్ చేసి, "ఏంటి, మొత్తం వెలిసిపోయినట్టుంది?" అంటారు. మళ్లీ కిందికి తిప్పుతాం.

ఇలా నాలుగు వీడియోలు నడిస్తే మీ కంటి మీద మీకే అనుమానం పట్టుకుంటుంది. రంగుల పనిలో కన్నే పెట్టుబడి. దాని మీద నమ్మకం సడలిన మనిషి ఇక ఎవరేమంటే అది చేస్తాడు. తనకంటూ ఒక అభిప్రాయం మిగలదు.

చాలాసార్లు కన్ను నిర్దోషి, తప్పు తెరది. దొంగ రాయితో తూచే కొట్టువాడు ఎంత జాగ్రత్తగా తూచినా ఆ తూకం తప్పే. పైగా చేతిలో నేర్పు పెరిగినకొద్దీ ఆ తప్పు మరింత కచ్చితంగా జరుగుతుంది. అందుకే ఈ అధ్యాయంలో గ్రేడింగ్ చిట్కాలు ఉండవు. ఆ చిట్కాలన్నీ ఏ తెర మీద ప్రయోగిస్తారో ఆ తెరను, ముఖ్యంగా దాని గామాను, ఎలా నిలబెట్టుకోవాలో మాత్రమే చెప్తాను.

గామా చేసే పని

వీడియో ఫైల్‌లో ఉండేవి అంకెలు. ఒక్కో అంకెకు ఎంత వెలగాలో తెర ఒక లెక్క ప్రకారం తేల్చుకుంటుంది. ఆ లెక్క పేరే గామా. సున్నా అంకెకు నలుపు, చివరి అంకెకు పూర్తి తెలుపు. ఈ రెండు కొసల దగ్గర ఏ గామాకైనా జవాబు ఒకటే. పేచీ అంతా మధ్యలో ఉంటుంది.

సగం అంకె, అంటే 50 శాతం సిగ్నల్ వచ్చినప్పుడు తెర సగం వెలగదు. గామా 2.2 ఉన్న తెర 21.8 శాతం వెలుగుతుంది. 2.4 ఉన్న తెర 18.9 శాతం, 1.8 ఉన్న తెర 28.7 శాతం. నీడల్లోకి దిగినకొద్దీ తేడా ముదురుతుంది. 20 శాతం సిగ్నల్ దగ్గర 1.8 తెర 5.5 శాతం వెలుగునిస్తే 2.2 తెర 2.9 శాతం, 2.4 తెర 2.1 శాతం ఇస్తాయి. ఫైల్ అదే, ఫ్రేమ్ అదే. నీడలో ఉన్న ముఖం మాత్రం ఒక తెర మీద ఇంకో తెర కంటే రెండున్నర రెట్లు వెలుగుతోంది.

ఈ లెక్క పాత పిక్చర్ ట్యూబ్ టీవీల నుంచి వచ్చింది. ట్యూబులోని ఎలక్ట్రాన్ గన్‌కు ఇచ్చే వోల్టేజీని రెట్టింపు చేస్తే వెలుగు రెట్టింపుతో ఆగేది కాదు, దాదాపు అయిదు రెట్లయ్యేది. మన కన్ను వెలుతురులో కంటే చీకట్లోనే చిన్న తేడాలను బాగా పట్టుకుంటుంది కాబట్టి, అదృష్టవశాత్తూ ఆ వంపు మన చూపుకు సరిపోయింది. ఉన్న 256 మెట్లలో ఎక్కువ భాగం నీడలకు దక్కాయి. ట్యూబులు పోయి ఎల్‌సీడీలు, ఓఎల్‌ఈడీలు వచ్చినా ఈ సౌకర్యం కోసమే గామాను అలాగే ఉంచారు. అయితే ట్యూబులో అది భౌతిక ధర్మం. ఇప్పటి తెరల్లో అది కంపెనీ పెట్టిన సెట్టింగు. సెట్టింగు అన్నాక తప్పు పెట్టడానికీ, తప్పిపోవడానికీ వీలుంటుంది.

ఇప్పుడు ఫోన్‌లో వినపడిన ఫిర్యాదును ఈ లెక్కతో చూడండి. మీ మానిటర్ 1.8 దగ్గర ఉందనుకుందాం. ముఖాలు తేలిపోయినట్టు కనిపిస్తాయి, మీరు దించుతారు. చూసేవాడి తెర 2.2 దగ్గర ఉంటుంది. మీకు సరిగ్గా కుదిరిన నీడ అతనికి గుంటలా కనిపిస్తుంది. మీ మానిటర్ 2.6 దగ్గర ఉంటే కథ తిరగబడుతుంది. మీరు నీడలన్నీ లేపుతారు, అతనికి పొగమంచు కనిపిస్తుంది. తెర ఒక వైపు తప్పితే వీడియో దానికి ఎదురు వైపు తప్పుతుంది. అన్ని ఫోన్లలోనూ చీకటిగా ఉందన్న ఫిర్యాదే మళ్లీ మళ్లీ వస్తుంటే, మీ మానిటర్ ఉన్నదానికన్నా వెలుగెక్కువ చూపిస్తోందని అర్థం.

ఏ అంకెకు దిద్దాలి

సినిమా, టీవీ, వెబ్ మూడింటికీ మూడు అంకెలున్నాయి.

డిజిటల్ సినిమా ప్రొజెక్టర్ గామా 2.6, తెలుపు వెలుగు 48 నిట్లు. చూసేది కటిక చీకటి హాల్లో. హైదరాబాద్‌లో థియేటర్ సినిమాకు డీఐ చేసే గదిలోకి వెళ్లినప్పుడు ఆ నలుపు అంత నిండుగా ఉండటానికి ఇదొక కారణం. దాన్ని చూసొచ్చి ఇంట్లో మానిటర్ మీద రాబట్టాలని తంటాలు పడకండి. అది వేరే లోకం.

హెచ్‌డీ టీవీకి 2.4. ఇందులో ఒక చిత్రమైన చరిత్ర ఉంది. 1990లో వచ్చిన బీటీ.709 ప్రమాణం కెమెరా వైపు లెక్క చెప్పింది కానీ, తెర వైపు లెక్క చెప్పలేదు. అప్పట్లో తెరలన్నీ ట్యూబులే కాబట్టి చెప్పాల్సిన అవసరం ఎవరికీ కనిపించలేదు. ట్యూబులు కనుమరుగయ్యాక, 2011లో బీటీ.1886 వచ్చి తెర గామా 2.4 అని రాసిపెట్టింది. దీనికి మసక వెలుతురున్న గది, 100 నిట్ల తెలుపు ఆధారం.

కంప్యూటర్ తెరకు ఎస్‌ఆర్‌జీబీ. హెచ్‌పీ, మైక్రోసాఫ్ట్ కలిసి 1996లో ప్రతిపాదిస్తే 1999లో అంతర్జాతీయ ప్రమాణమయింది. దీని వంపు మొత్తం మీద సుమారు 2.2కు సమానం. ఆఫీసులో, ఇంట్లో, లైట్లు వేసి ఉన్న చోట చూస్తారన్న లెక్కతో చేసింది ఇది.

గది వెలుతురు పెరిగినకొద్దీ గామా తగ్గుతోందని గమనించారా? చుట్టూ చీకటిగా ఉంటే కంటికి బొమ్మలో కాంట్రాస్ట్ తగ్గినట్టు అనిపిస్తుంది. దాన్ని పూడ్చడానికే చీకటి హాలుకు ఎక్కువ గామా, వెలుతురు గదికి తక్కువ గామా.

ఇక మ్యాక్ గోల. ఆపిల్ కంప్యూటర్లు చాలా ఏళ్లు 1.8 గామాతో నడిచాయి. 2009లో వచ్చిన స్నో లెపర్డ్‌తో అవీ 2.2కు మారాయి. అయినా వీడియో విషయంలో ఒక పితలాటకం మిగిలిపోయింది. బీటీ.709 అని ట్యాగ్ ఉన్న ఫైల్‌ను క్విక్‌టైమ్ ప్లేయర్ సుమారు 1.96 గామాగా లెక్కగట్టి చూపిస్తుంది. డావిన్చీ రిజాల్వ్‌లో నిండుగా కనిపించిన వీడియో క్విక్‌టైమ్‌లో పాలిపోయినట్టు కనిపించడానికి కారణం ఇదే. మీ గ్రేడ్ చెడిపోలేదు, ఫైల్ మారలేదు. చదివేవాడు వేరే లెక్కలో చదువుతున్నాడు, అంతే.

మరి వెబ్ వీడియోలు మాత్రమే చేసేవారు ఏది ఎంచుకోవాలి? నా తీర్పు సూటిగా చెప్తాను. మీరు లైటు ఉన్న గదిలో కూర్చుని యూట్యూబ్, ఇన్‌స్టాగ్రామ్‌ల కోసం పనిచేస్తుంటే 2.2కు దిద్దండి. గదిని పూర్తిగా మసక చేసి, టీవీ చానళ్లకు కూడా ఇస్తుంటే 2.4కు దిద్దండి. సాధారణ ఐపీఎస్ మానిటర్ మీద బీటీ.1886 ఎంచుకుంటే, ఆ తెర నలుపు అంత లోతుగా ఉండదు కాబట్టి ఆ వంపు నీడల్ని కాస్త పైకెత్తుతుంది. అది తెలిసి ఎంచుకోండి. క్విక్‌టైమ్ కోసమని 1.96కు మానిటర్‌నే దిద్దడం మాత్రం వద్దు. ఎంచుకున్న అంకెను కాగితం మీద రాసి మానిటర్ అంచుకు అతికించండి. ప్రాజెక్టు ప్రాజెక్టుకూ అంకె మార్చేవాడికి ఏ అంకే కంటికి అలవాటు కాదు.

గామా తప్పా, లెవెల్స్ తప్పా

దిద్దే ముందు రోగం ఏదో తేల్చుకోవాలి. గామా తప్పుగా కనిపించే వాటిలో చాలా భాగం నిజానికి లెవెల్స్ తప్పు.

వీడియోలో నలుపు 16 దగ్గర, తెలుపు 235 దగ్గర ఉండే పద్ధతి ఒకటి, 0 నుంచి 255 దాకా నిండుగా వాడే పద్ధతి ఒకటి. గ్రాఫిక్స్ కార్డు హెచ్‌డీఎంఐ ద్వారా మొదటి పద్ధతిలో పంపుతుంటే, మానిటర్ రెండో పద్ధతిలో అందుకుంటే నలుపు బూడిద రంగులోకి తేలుతుంది. తారుమారైతే నీడలన్నీ నల్లని ముద్ద అవుతాయి, తెల్లని చొక్కా మడతలు మాయమవుతాయి.

తేడా పట్టుకోవడం తేలిక. రెండు కొసలు, అంటే నలుపు, తెలుపు సరిగ్గా ఉండి మధ్య వెలుగు మాత్రమే జరిగితే అది గామా. కొసలే కదిలితే లెవెల్స్. లెవెల్స్ తప్పును గ్రాఫిక్స్ కార్డు కంట్రోల్ ప్యానెల్‌లో ఫుల్, లిమిటెడ్ అనే ఎంపిక దగ్గర సరిచేయాలి. దాన్ని గామాతో కప్పిపుచ్చితే ఒక తప్పు రెండవుతుంది.

మానిటర్ కంటే ముందు గది

మధ్యాహ్నం కిటికీలోంచి ఎండ పడే గదిలో, సాయంత్రం ట్యూబ్‌లైటు కింద, రాత్రి చీకట్లో ఒకే తెర మూడు తెరల్లా కనిపిస్తుంది. ఖరీదైన పరికరంతో దిద్దినా గది అదుపులో లేకపోతే ఫలితం సున్నా.

ఖర్చు పెద్దగా లేని పనులివి. కిటికీకి మందపాటి కర్టెన్ కట్టండి. తెర మీద నేరుగా ఏ దీపం వెలుగూ పడకూడదు. మానిటర్ వెనుక గోడ మీద పడేలా ఒక చిన్న ఎల్‌ఈడీ దీపం పెట్టండి. మన దుకాణాల్లో కూల్ డేలైట్ పేరుతో దొరికే 6500 కెల్విన్ దీపమే అడగండి, సీఆర్ఐ 90కి పైన ఉన్నది చూసుకోండి. వెనుక గోడ పచ్చగానో గులాబీగానో ఉంటే ఆ రంగు కంటిలో నిలిచి, ముఖాల రంగు దానికి ఎదురు వైపు జరిగినట్టు కనిపించేలా చేస్తుంది. బూడిద రంగు పెయింటు వేయించలేకపోతే, ఆ మేరకు బూడిద రంగు గుడ్డ వేలాడదీసినా చాలు.

ఇక కంప్యూటర్, మానిటర్ చేసే అతి తెలివి పనులన్నీ ఆపేయాలి. విండోస్‌లో నైట్ లైట్, హెచ్‌డీఆర్ స్విచ్, ల్యాప్‌టాప్ అయితే దృశ్యాన్ని బట్టి బ్రైట్‌నెస్ మార్చే సెట్టింగు. మ్యాక్‌లో ట్రూ టోన్, నైట్ షిఫ్ట్, ఆటో బ్రైట్‌నెస్. మానిటర్ మెనూలో డైనమిక్ కాంట్రాస్ట్, ఎకో మోడ్, బ్లూ లైట్ ఫిల్టర్, గేమింగ్ మానిటర్ అయితే నీడల్ని లేపే మోడ్. వీటిలో ఒక్కటి ఆన్‌లో ఉన్నా, మీరు దిద్దిన తెర దిద్దినట్టు ఉండదు.

పరికరం లేకుండా పరీక్ష

కొలిచే పరికరం కొనే స్తోమత అందరికీ మొదటి రోజే ఉండదు. అంతదాకా చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. ఈ వరుసలో చేయండి.

1. మానిటర్ వేసి అరగంట వెలగనివ్వండి. చల్లని తెర వెలుగూ రంగూ స్థిరంగా ఉండవు.

2. మానిటర్‌ను ఫ్యాక్టరీ రీసెట్ చేసి, ఎస్‌ఆర్‌జీబీ మోడ్ ఉంటే అందులో పెట్టండి. కొన్ని మానిటర్లు ఈ మోడ్‌లో బ్రైట్‌నెస్ మార్చనివ్వవు. అలాంటప్పుడు యూజర్ లేదా కస్టమ్ మోడ్, కలర్ టెంపరేచర్ 6500 ఎంచుకోండి. డిస్‌ప్లే స్కేలింగ్ 100 శాతంలో, రిజల్యూషన్ మానిటర్ అసలు రిజల్యూషన్‌లో ఉండాలి.

3. బ్రైట్‌నెస్‌ను 100 నిట్ల దగ్గరకు తేవాలి. మీ దగ్గర ఇప్పటికే ఉన్న కెమెరానే ఇక్కడ మీటర్. ఐఎస్ఓ 100, ఎపర్చర్ ఎఫ్4, షట్టర్ 1/50 పెట్టి, స్పాట్ మీటరింగ్‌లో, ఫోకస్ తప్పించి, నిండా తెల్లగా ఉన్న తెర వైపు తిప్పండి. కెమెరా మీటర్ సున్నా చూపించేదాకా మానిటర్ బ్రైట్‌నెస్ తగ్గించండి లేదా పెంచండి. సున్నా దగ్గర ఆగితే మీ తెలుపు సుమారు 100 నిట్లు. గది మరీ వెలుతురుగా ఉంటే షట్టర్ 1/60 పెట్టి 120 నిట్లకు తెచ్చుకోవచ్చు. కొత్త మానిటర్లు పెట్టెలోంచి తీసినప్పుడు సాధారణంగా దీనికంటే బాగా ఎక్కువ వెలుగుతుంటాయి కాబట్టి మొదటి రోజు తెర డల్‌గా అనిపిస్తుంది. భయపడకండి, కన్ను అలవాటు పడుతుంది.

4. నలుపు కొసను చూడండి. సున్నా నలుపు మీద 2, 4, 6, 8, 10 అంకెలతో చిన్న పెట్టెలు గీయండి. గది మసకగా ఉన్నప్పుడు కనీసం 6 నుంచి విడిగా కనిపించాలి. తెలుపు మీద 250, 252 పెట్టెలు గీసి తెలుపు కొసను కూడా చూడండి. కనిపించకపోతే మళ్లీ లెవెల్స్ దగ్గరకు వెళ్లండి. మానిటర్ కాంట్రాస్ట్‌ను ఫ్యాక్టరీ అంకె దగ్గరే వదిలేయడం మంచిది.

5. ఇప్పుడు గామా. జింప్‌లోనో ఫోటోషాప్‌లోనో ఒక పిక్సెల్ నలుపు, ఒక పిక్సెల్ తెలుపు చొప్పున అడ్డగీతలు నింపండి. మధ్యలో 186 అంకె బూడిద రంగు పెట్టె పెట్టండి. జూమ్ 100 శాతంలో ఉంచి, రెండు మీటర్లు వెనక్కి వెళ్లి కళ్లు చికిలించి చూడండి. గీతలు కలిసిపోయి సరిగ్గా సగం వెలుగు ఇస్తాయి. తెర గామా ఎంతైనా ఇందులో మార్పుండదు. 186 పెట్టె సగం వెలుగు ఇచ్చేది గామా 2.2 అయినప్పుడే. పెట్టె గీతల్లో కలిసిపోతే మీ తెర 2.2. పెట్టె ముదురుగా కనిపిస్తే గామా అంతకంటే ఎక్కువ, తేలికగా కనిపిస్తే తక్కువ. పక్కనే 174, 180, 191 పెట్టెలు కూడా పెట్టుకుంటే అవి వరుసగా 1.8, 2.0, 2.4 గామాలను పట్టిస్తాయి.

6. ఒక్క చోట సరిపోతే వంపు అంతా సరిపోయినట్టు కాదు. తెలుపు బదులు 128 అంకెతో గీతలు వేసి మధ్యలో 93 పెట్టె పెట్టండి. మళ్లీ 64 గీతలు, 47 పెట్టె. ఈ రెండూ కలిస్తే నీడల్లోనూ 2.2 నిలిచిందని అర్థం. ఆ తర్వాత తెలుపు గీతల బదులు ఎరుపు, ఆకుపచ్చ, నీలం గీతలతో, అదే రంగు 186 పెట్టెతో మూడు పరీక్షలు చేయండి. మూడింట్లో ఒకటి తప్పితే, మీ బూడిద రంగులో ఆ రంగు ఛాయ దాగి ఉందన్నమాట. నీడలు ఎర్రగా తేలుతున్నాయని మీరెప్పుడైనా అవస్థ పడి ఉంటే, కారణం అక్కడ దొరకొచ్చు.

తప్పు కనిపిస్తే మొదట మానిటర్ మెనూలోనే గామా మార్చి చూడండి. కొన్నిటిలో 1.8, 2.0, 2.2, 2.4 అని నేరుగా ఉంటుంది, కొన్నిటిలో గామా 1, 2, 3 అని గుట్టుగా ఉంటుంది. ఆ పేరును నమ్మకండి, పెట్టెను నమ్మండి. మెనూలో కుదరకపోతే విండోస్‌లో ఉన్న క్యాలిబ్రేట్ డిస్‌ప్లే కలర్ వాడి మిగిలిన తేడా సవరించుకోవచ్చు. టీఎన్ ప్యానెల్ మానిటర్ అయితే తల కాస్త పైకో కిందికో జరిగినా గామా మారుతుంది. అలాంటి తెర మీద గ్రేడింగ్ చేయడం కంటే ఐపీఎస్ మానిటర్ కోసం డబ్బు కూడబెట్టడం మేలు.

పరికరంతో దిద్దడం

కంటి పరీక్ష గామా తప్పును పట్టిస్తుంది, తెలుపు రంగు తప్పును అంతగా పట్టించదు. ఎందుకంటే కన్ను ఏ తెలుపునైనా కాసేపట్లో తెలుపుగానే ఒప్పేసుకుంటుంది. డీ65 అనే ప్రమాణ తెలుపుకు తేవాలంటే కలరీమీటర్ కావాలి. కాలిబ్రైట్, డేటాకలర్ స్పైడర్ ఎక్కువగా వాడే రకాలు. నలుగురు ఎడిటర్లు కలిసి ఒకటి కొనుక్కున్నా సరిపోతుంది, నెలకోసారే కదా పని. దానితో వచ్చే సాఫ్ట్‌వేర్ కాకపోతే, ఆర్గిల్‌సీఎంఎస్ ఆధారంగా నడిచే డిస్‌ప్లేక్యాల్ ఉచితంగా దొరుకుతుంది.

సాఫ్ట్‌వేర్ అడిగే ప్రశ్నలకు మీ జవాబులు ముందే సిద్ధంగా ఉండాలి. తెలుపు డీ65, వెలుగు 100 నిట్లు, గామా 2.2. మానిటర్ బ్యాక్‌లైట్ ఏ రకమో కూడా అడుగుతుంది, తెల్ల ఎల్‌ఈడీనా, వైడ్ గామట్ ఎల్‌ఈడీనా, ఓఎల్‌ఈడీనా అని. ఇది తప్పు చెప్తే పరికరమే తప్పు కొలుస్తుంది. కొలత మొదలుపెట్టే ముందు మానిటర్ మెనూలోని ఎరుపు, ఆకుపచ్చ, నీలం మీటలతో డీ65కు వీలైనంత దగ్గరకు తెచ్చుకోండి. మానిటర్‌లో ఎంత సరిచేస్తే సాఫ్ట్‌వేర్ అంత తక్కువ లాగుతుంది, గ్రేడియంట్లలో గీతలు పడటం అంత తగ్గుతుంది.

చివర్లో వెరిఫై అన్న బటన్ ఉంటుంది. చాలామంది అక్కడిదాకా వెళ్లరు. వెళ్లండి. డెల్టా ఈ, అంటే రంగు ఎంత తప్పిందో చెప్పే అంకె, సగటున 2 లోపు, గామా 2.1కీ 2.3కీ మధ్య వస్తే మీ తెర వెబ్ పనికి యోగ్యమే. దశాంశాల వెంటపడి రోజంతా మళ్లీ మళ్లీ కొలవడం కూడా పనిని వాయిదా వేసే ఎత్తుగడే.

సాఫ్ట్‌వేర్ దగ్గర జాగ్రత్త

దిద్దిన తెరను కూడా గ్రేడింగ్ సాఫ్ట్‌వేర్ తప్పుదారి పట్టించగలదు.

విండోస్‌లో డావిన్చీ రిజాల్వ్ వ్యూయర్ మీ ప్రొఫైల్‌ను పూర్తిగా చదవదు. గ్రాఫిక్స్ కార్డులో ఎక్కిన గామా, తెలుపు సవరణలు మాత్రమే పనిచేస్తాయి. వైడ్ గామట్ మానిటర్ అయితే రంగులు ఇంకా ఘాటుగానే కనిపిస్తాయి. అందుకే ఎస్‌ఆర్‌జీబీ మోడ్ అని ముందే చెప్పింది. ఇంకో దారి, డిస్‌ప్లేక్యాల్‌తో 3డీ లట్ తయారుచేసి రిజాల్వ్ వ్యూయర్‌కు తగిలించడం. ఆ లట్ వ్యూయర్‌కే ఉండాలి, టైమ్‌లైన్ మీద పడితే ఎక్స్‌పోర్ట్‌లోకి ఎక్కి కూర్చుంటుంది. పని పెరిగాక డెక్‌లింక్ వంటి కార్డు పెట్టి, ఆపరేటింగ్ సిస్టమ్‌తో సంబంధం లేకుండా నేరుగా రెండో మానిటర్‌కు సిగ్నల్ పంపడం అన్నిటికన్నా శుభ్రమైన పద్ధతి.

మ్యాక్‌లో రిజాల్వ్ వాడేవారు ప్రిఫరెన్సెస్‌లో యూజ్ మ్యాక్ డిస్‌ప్లే కలర్ ప్రొఫైల్స్ ఫర్ వ్యూయర్స్ అన్నది టిక్ చేసి, అవుట్‌పుట్ రెక్.709-ఎ ఎంచుకుంటే వ్యూయర్, క్విక్‌టైమ్ రెండూ ఒకేలా కనిపిస్తాయి. ఫైల్ మీద బీటీ.709 అని చెప్పే 1-1-1 ట్యాగ్ పడుతుంది. ప్రీమియర్ ప్రో కొత్త వెర్షన్లలో వ్యూయర్ గామా అన్న ఎంపికలో 2.4 బ్రాడ్‌కాస్ట్, 2.2 వెబ్, 1.96 క్విక్‌టైమ్ అని మూడూ విడివిడిగా ఉన్నాయి. మీరు అతికించుకున్న కాగితం మీది అంకెకూ ఇక్కడి ఎంపికకూ పొంతన ఉండాలి. మ్యాక్‌బుక్ ప్రో ఎక్స్‌డీఆర్ తెరల్లో అయితే డిస్‌ప్లే ప్రీసెట్లలో ఇంటర్నెట్ అండ్ వెబ్ అనే ఎస్‌ఆర్‌జీబీ ప్రీసెట్ ఆపిల్ వాళ్లే ఇచ్చారు.

ఇంత చేశాక కూడా స్కోపులు చూడటం మానకండి. మీ తెర ఏం చెప్పినా వేవ్‌ఫామ్ ఫైల్‌లోని అంకెనే చెప్తుంది. కంటికి ముఖం బాగుందనిపించి, వేవ్‌ఫామ్‌లో ఆ ముఖం నీడల్లో పడి ఉంటే గ్రేడ్‌ను మార్చే ముందు తెరను అనుమానించండి.

క్లయింటు ఫోన్‌తో ఏం చేయాలి

"నా తెర సరే అన్నా, జనం ఫోన్లు ఒక్కోటి ఒక్కోలా ఉన్నాయిగా. అలాంటప్పుడు ఇదంతా ఎందుకు?" అని కొత్తగా పనిలోకి వచ్చిన తమ్ముళ్లు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న.

దీనికి రెండు జవాబులున్నాయి. జనం తెరలు అన్ని వైపులకూ తప్పి ఉంటాయి. ఒకడిది ముదురు, ఒకడిది తేలిక, ఒకడిది వివిడ్ మోడ్‌లో రంగుల జాతర. ఈ తప్పులన్నిటి మధ్యలో ఉన్నది ప్రమాణమే. మీరు మధ్యలో నిలబడితే అందరికీ కొద్దికొద్దిగా తప్పుతుంది. ఒక కొసకు జరిగితే అవతలి కొసవాడికి పూర్తిగా చెడుతుంది. రెండోది, చూసేవాడు తన ఫోన్‌కు అలవాటు పడి ఉంటాడు. అదే ఫోన్‌లో మీ వీడియోకు ముందు ఇంకొకరిది, తర్వాత మరొకరిది చూస్తాడు. అవన్నీ ప్రమాణానికి దగ్గరగా ఉండి మీదొక్కటే తప్పితే, మీదే తేడాగా కనిపిస్తుంది.

అందుకే "డార్క్‌గా ఉందన్నా" అన్న ఫోన్ వచ్చినప్పుడు వీల్ ముట్టుకోకండి. ముందు అడగండి. "ఏ ఫోన్‌లో చూశావు తమ్ముడూ? బ్రైట్‌నెస్ ఎంతలో ఉంది? నైట్ మోడ్ గానీ, బ్యాటరీ సేవర్ గానీ ఆన్‌లో ఉందా? ఎండలో చూశావా, గదిలోనా?" చాలా ఫిర్యాదులు ఇక్కడే తేలిపోతాయి. తేలకపోతే, మీ దగ్గరున్న ఒక ఐఫోన్, ఒక మామూలు ఆండ్రాయిడ్ ఫోన్, ఒక టీవీ మీద ప్రైవేట్ లింకుతో చూడండి. మూడింటి మీదా అదే లోపం కనిపిస్తే అది నిజంగా మీ గ్రేడ్ లోపమే. దిద్దండి, ఒప్పుకోండి. ఒక్క తెర మీదే ఉంటే మర్యాదగా వివరించి చెప్పండి. తన తెర కొలత తెలిసిన మనిషి క్లయింటుతో వాదించడు, బెదరడు కూడా.

అలవాటుగా నిలుపుకోవలసినవి

రోజూ: పని మొదలుపెట్టే ముందు అరగంట మానిటర్ వెలగనివ్వండి. గది దీపాలు ఎప్పుడూ ఒకేలా ఉంచండి.

వారానికోసారి: గీతల పరీక్ష చూడండి. మీరు బాగా ఎరిగిన ఒక స్టిల్, అందులో నల్లని జుట్టు, మల్లెపూల తెలుపు, చామనచాయ ముఖం, బంగారం నాలుగూ ఉన్నది, ఎప్పుడూ అదే తెరిచి చూడండి.

నెలకోసారి: కలరీమీటర్‌తో మళ్లీ కొలిచి, తేదీ, గామా, నిట్లు ఒక నోటుపుస్తకంలో రాయండి. బ్యాక్‌లైట్ వయసుతో తగ్గుతుంది, ఆ పుస్తకంలో అది కనిపిస్తుంది.

ఎప్పుడూ: గ్రేడింగ్ మధ్యలో మానిటర్ బటన్లు ముట్టుకోకండి. ఇంట్లో పిల్లలు సినిమా చూడటానికి బ్రైట్‌నెస్ పెంచితే, తిరిగి రాసిపెట్టుకున్న అంకెకు తెచ్చాకే పనిలో కూర్చోండి.

తర్వాతి ప్రాజెక్టు తెరిచే ముందు ఆ 186 పెట్టె గీసి, వెనక్కి నిలబడి చూడండి. గీతల్లో కలిస్తే నిశ్చింతగా పని మొదలుపెట్టండి. కలవకపోతే ఆ రోజు రంగుల జోలికి పోకుండా తెర పని ముగించండి.